కల్లు మానిన ఆడమనిషికి పొద్దుటి దినచర్య పనిచేస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీ అక్కకు నలభై దాటాయి. కామారెడ్డి దగ్గర పల్లె, బీడీలు చుడుతుంది. చాలా ఏళ్లుగా రోజూ కల్లు అలవాటు. ఆసుపత్రిలో చికిత్స అయి ఇంటికొచ్చి నెల దాటింది, టాబ్లెట్లు ఇంకా నడుస్తున్నాయి. హైదరాబాదులో ఉన్న మీరు వీడియోలు చూసి ఆమెకో పట్టిక రాసిచ్చారు: నాలుగున్నరకు లేవడం, సూర్య నమస్కారాలు, ధ్యానం, డైరీ, నిమ్మరసం. నాలుగు రోజులు చేసి వదిలేసింది. పొద్దుటి దినచర్య వల్ల నిజంగా లాభం ఉందా, ఉంటే రోజూ నేనే ఫోన్ చేసి లేపాలా అని అడిగారు.

లాభం ఉంది. కానీ మీరు రాసిచ్చిన పట్టికతో రాదు. ఆమెకు కావలసింది ఇరవై నిమిషాల్లోపు అయిపోయే మూడు నాలుగు చిన్న పనులు, రోజూ అదే వరుసలో. ఆ ఇరవై నిమిషాలూ ఇంట్లో ఎవరూ ఆమెను పిలవకూడదు. ఈ రెండోది కుదరకపోతే మొదటిది వారం కూడా నిలవదు. ఇదంతా డాక్టరు రాసిన మందులకు తోడు మాత్రమే. మందుల బదులు ఇది చేస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా వినకండి.

నేను డీ-అడిక్షన్ వార్డుల్లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను, ఎక్కువగా ఉత్తర తెలంగాణ ఆడవాళ్లతో. కింద చెప్పే మనుషుల వివరాలు కొంత మార్చాను.

ముందు కల్లు సంగతి. మన వైపు దుకాణాల్లో అమ్మేది చాలాచోట్ల చెట్టు కల్లు కాదు. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రల మందులు కలుపుతారని ఎక్సైజు వాళ్లు కేసులు పెడుతూనే ఉన్నారు. 2015 సెప్టెంబరులో తనిఖీలు పెరిగి, మందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకూ హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ జనం గుంపులుగా వచ్చారు. చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, కొందరు ఫిట్స్‌తో. వాళ్లలో ఆడవాళ్లు తక్కువేమీ లేరు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

అంటే మీ అక్క ఒంటికి అలవాటైంది ఒకటి కాకపోవచ్చు. ఆల్కహాలుతో పాటు, తెలియకుండానే నిద్రమాత్రలు కూడా. నిద్రమాత్రల అలవాటును ఒక్కసారిగా ఆపకూడదు, కొద్దికొద్దిగా తగ్గించాలి. డాక్టరు ఇచ్చిన టాబ్లెట్లు సాధారణంగా అందుకే. 'మానేసిందిగా, ఇంకా ఈ మాత్రలెందుకు' అని ఇంట్లో ఎవరైనా ఆపించారేమో కనుక్కోండి. ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది.

పొద్దుటి పూటే ఎందుకు కష్టమో కూడా ఇక్కడే తెలుస్తుంది. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరేడుకు కల్లు తాగే మనిషికి తెల్లారేసరికి ఆ సగం అయిపోతుంది, ఒళ్లు అడగడం మొదలుపెడుతుంది. దానికి తోడు ఎవరికైనా సరే లేచిన అరగంట, ముప్పావుగంటలో కార్టిసాల్ అనే హార్మోను సహజంగా పెరుగుతుంది. మామూలు మనిషికి అది హుషారు. ఈమధ్యే మానేసిన మనిషికి అదే గుండెదడ, కారణం లేని భయం. తాగుడు సమస్యగా మారిందో లేదో పసిగట్టడానికి డాక్టర్లు వాడే, 1984లో అచ్చయిన నాలుగు ప్రశ్నల్లో చివరిది, పొద్దున లేవగానే స్థిమితపడటానికి తాగాల్సి వస్తోందా అనే. మీ అక్క చాలా ఏళ్లు ఆ దడకు ఒకే విరుగుడు వాడింది. ఆ విరుగుడు తీసేశాం. ఆ గంటలో ఇప్పుడు చేతులు ఏం చేయాలి? దినచర్య పని అది. మంచి అలవాట్లు నేర్పడం, మనిషిని మార్చడం తర్వాతి సంగతి.

రోజూ అదే వరుస అనడానికి కూడా ఇదే కారణం. ఆ గంటలో ఆలోచించి నిర్ణయించుకునే శక్తి చాలా తక్కువ ఉంటుంది. తర్వాత ఏంటి అని ఆలోచించాల్సిన అవసరమే లేకపోతే మనిషి ఆ గంట దాటేస్తుంది. తాగాలన్న తహతహ ఎంత గట్టిగా వచ్చినా, దాన్ని కదపకుండా వదిలేస్తే సాధారణంగా పావుగంట, అరగంటలో తగ్గుముఖం పడుతుంది. ఇరవై నిమిషాలు అని నేను పట్టుబట్టేది అందుకే.

ఇప్పుడు మీ పట్టిక ఎందుకు నిలవలేదో చెప్తాను. మీకు కోపం రాదనుకుంటాను.

మన ఊళ్లలో మగవాళ్లు తాగుడు ఆపడం ఏటా చూసేదే. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజులు చుక్క ముట్టరు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, పూజ, భిక్ష, నేలమీద పడక, రాత్రి భజన. ఎంతో కాలంగా తాగుతున్న మనుషులు కూడా ఆ 41 రోజులు నిలబడతారు. (రోజూ బాగా తాగే మనిషి మాల కోసమని ఉన్నపళంగా ఆపేసి రెండు మూడు రోజుల్లో ఫిట్స్‌తో వార్డుకు రావడమూ ఉంది. మీ ఊళ్లో అలాంటి వాళ్లుంటే మాలకు ముందు డాక్టరుకు చూపించుకోమనండి.) దీక్ష అంతమందిని నిలబెట్టడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో ఇల్లంతా అతని చుట్టూ తిరుగుతుంది. భార్య అతనికన్నా ముందే లేచి ఇల్లు కడిగి వంట చేస్తుంది. పిల్లలు గోల చేయరు. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ స్వామీ అని పిలుస్తారు. తాగే దోస్తులు వాళ్లంతట వాళ్లే దూరం జరుగుతారు. మాల తీసిన సాయంత్రమే మళ్లీ సీసా పట్టేవాళ్లున్నారు, ఎందుకంటే మాలతో పాటే ఇవన్నీ పోతాయి.

మీ అక్క కూడా మానేసింది. ఆమె కోసం ఇంట్లో ఎవరు ముందు లేస్తున్నారు?

ఆమె పొద్దు నేను ఊహించగలను. వాకిలి ఊడ్చి చల్లాలి. నల్లా వచ్చే టైముకు నీళ్లు పట్టాలి. అత్తగారికి చాయ్, కొడుకుకు డబ్బా, మీ బావగారికి సద్ది. అవన్నీ అయ్యాక ఆకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. మీ కార్యక్రమం గంటన్నర. దాన్ని ఈ పనులన్నిటికీ ముందు పెట్టారు. అంటే ఆ గంటన్నరా ఆమె నిద్రలోంచి తీశారన్నమాట. అసలు మానేసిన కొత్తలో నిద్రే పెద్ద సమస్య. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది సర్దుకోవడానికి. రెండింటిదాకా దొర్లి అప్పుడే కన్నంటుకున్న మనిషిని నాలుగున్నరకు లేపితే పగలంతా చిరాకు, సాయంత్రానికి తహతహ. బ్రహ్మ ముహూర్తం మంచిదే కావచ్చు, రాత్రి నిద్రపట్టిన వాళ్లకు. ఎంత తొందరగా లేచిందన్నది ముఖ్యం కాదు, రోజూ ఒకే టైముకు లేవడం ముఖ్యం. ఆరైతే ఆరే.

జగిత్యాల వైపు ఒకామె ఉండేది, బీడీ పనే. నడుం నొప్పికని మొదలుపెట్టిన కల్లు, పొద్దున పదింటికే ఒక సీసా దాకా వచ్చింది. చికిత్స అయ్యాక ఆమెను నిలబెట్టింది ఏమిటంటే, వాళ్ల అత్త నల్లా నీళ్లు పట్టే పని తను తీసుకోవడం. అంతే. ఆ టైములో ఈమె మాత్ర వేసుకుని పెరటి గడప మీద కూర్చుని ఒక చాయ్ పూర్తిగా వేడిగా ఉండగానే తాగేది. పెళ్లయ్యాక వేడి చాయ్ తాగిన గుర్తు లేదని నవ్వుతూ చెప్పింది ఒకసారి. ధ్యానం లేదు, డైరీ లేదు. కానీ పొద్దులో ఒక ముక్క తనది అని ఆమెకు తెలిసింది. అత్త గొప్ప మనిషేమీ కాదు, రోజూ సణుగుతూనే పట్టేది నీళ్లు.

ఇక మీ అక్కకు ఏం పెట్టాలి. నేనైతే ఇలా మొదలుపెడతాను.

కడుపులో ఏదైనా పడాలి, తర్వాత మాత్ర. డాక్టరు పరగడుపున వేసుకోమని ప్రత్యేకంగా చెబితే తప్ప. బీడీ చుట్టే ఆడవాళ్లు చాలామంది చాయ్ మీదే పదకొండింటిదాకా గడిపేస్తారు. ఆకలి, తహతహ రెండూ ఒకేలా ఉంటాయి: వణుకు, చిరాకు, తల తేలిపోవడం. లేచిన గంటలోపు రాత్రి మిగిలిన రొట్టె ముక్కో, అరటిపండో, గ్లాసుడు అంబలో చాలు. రోజూ తాగేవాళ్లలో బి1 విటమిన్ బాగా తగ్గిపోతుంది కాబట్టి ఆ మాత్ర కూడా రాసే ఉంటారు, దాన్ని 'ఉట్టి విటమిన్' అని పక్కన పెట్టనివ్వకండి. టాబ్లెట్ల షీటు మొత్తం ఆమె దగ్గర ఉంచకుండా, వారానికి సరిపడా డబ్బాలో వేసి ఇవ్వడం మంచిది. నిద్రమాత్రలు తగ్గించే చికిత్సలో ఒక చెడ్డ రోజున రెండు రోజులవి ఒకేసారి వేసుకోవాలనిపిస్తుంది. ఈ ఏర్పాటు ఆమెకు చెప్పి, ఒప్పించి చేయండి. దొంగచాటుగా కాదు.

వెలుతురు. ఒంటి గడియారం సరిపడాలంటే పొద్దుటి వెలుతురు కంటికి తగలాలి. రాత్రి నిద్ర బాగుపడేది దీనివల్లే. దీనికోసం వాకింగ్ అక్కర్లేదు, వాకిట్లో ఎలాగూ ఉంటుంది. ఒకామె ముగ్గునే ఇలా వాడుకుంది. ఇదివరకు రెండు గీతలు గీసి లోపలికి పోయేది, తర్వాత చుక్కలు పెట్టి నిదానంగా వేయడం మొదలుపెట్టింది. మొదటి వారాల్లో చేయి వణికి గీత వంకర పోయేది. నెలన్నర తర్వాత గీత తిన్నగా వస్తోందని ఆమే చెప్పింది. ఆమెకు అదే పెద్ద రిపోర్టు. మీ అక్కకు ముగ్గు చిరాకైతే వదిలేయండి, మొక్కలకు నీళ్లు పోసినా అంతే.

ఒక మాట, పైకి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా 1935లో మొదలుపెట్టిన సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్లు చెప్పేది ఈ ఒక్క రోజు సంగతి చూడమనే. జన్మలో తాగను అంటే భయమేస్తుంది, ఇవాళ తాగను అంటే చేయగలననిపిస్తుంది. అమెరికాలో జీన్ కిర్క్‌పాట్రిక్ అనే ఆమె, తనూ తాగుడులోంచి బయటపడిన మనిషే, 1975లో ఆడవాళ్ల కోసం విడిగా ఒక సంఘం పెట్టింది. మగవాళ్లకు అహం తగ్గించే పాఠం పనికొస్తుందేమో గానీ, అప్పటికే తనను తాను చులకన చేసుకుంటున్న ఆడదానికి కావలసింది ధైర్యం అని ఆమె వాదన. వాళ్ల పద్ధతిలో 13 వాక్యాలుంటాయి, మామూలుకన్నా పావుగంట ముందు లేచి వాటిని ఒకసారి తలుచుకోవాలి. మా వార్డులో చదువురాని వాళ్లే ఎక్కువ. పదమూడు కాదు, ఒక్కటి చాలనుకున్నాం. ఆ ఒక్కటీ వాళ్లే కట్టుకోవాలి. 'ఇయ్యాల దుకాణం ముంగటికెళ్లి పోను' అని ఒకామె. 'నా బిడ్డ పేరంటానికి నేను మంచిగ నిలబడాలె' అని ఇంకొకామె. మీరు రాసిచ్చిన వాక్యం మీ అక్క నోట్లో నిలవదు.

లెక్క. డైరీ వద్దు. రాయడం అలవాటు లేని మనిషికి డైరీ శిక్ష. రాయడం వచ్చిన వాళ్లకూ ఇంట్లో ఇంకొకరు చదువుతారన్న భయం ఉంటుంది, మన ఇళ్లలో ఆడవాళ్లకు తాళం వేసుకునే సొరుగు ఎక్కడిది? డబ్బాలో రోజుకో చింతగింజ వేయమనండి. ఒకరోజు జారినా డబ్బా ఖాళీ చేయకూడదు, ఆరోజు గింజ వేయకుండా ఊరుకోవాలి, అంతే.

ఇంతే, నాలుగు. ఐదోది చేర్చాలని మీకు అనిపిస్తుంది. కనీసం రెండు నెలలదాకా వద్దు. సూర్య నమస్కారాలు ఆమె అడిగితే అప్పుడు చూద్దాం.

పూజ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అడుగుతారు. పూజ, నమాజు, చర్చిలో తెల్లవారు ప్రార్థన, ఏదైనా సరే, నమ్మకం ఉన్నవాళ్లకు పెద్ద ఆసరా. కాదనను. కానీ ఒక చిక్కుంది, దీన్ని మగ కౌన్సెలర్లు ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఒక టీచరమ్మ, భర్త పోయాక నిద్రకని మొదలుపెట్టిన అల్ప్రాజోలం రోజుకు చాలా మాత్రల దాకా వెళ్లింది. తగ్గించే రోజుల్లో పొద్దున గంటన్నర పూజ పెట్టుకుంది, బాగా నిలబడింది. అయినా నెలనెలా నాలుగైదు రోజులు జారేది. క్యాలెండరు ముందేసుకుని చూస్తే అవి ముట్టు రోజులు. ఆ రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్లదు, పూజ లేదు, పూజ లేకపోతే పొద్దే లేదు. అసలే నెలసరికి ముందు నుంచే చాలామందికి నిద్ర చెడుతుంది, మనసు కుదురుండదు, తహతహ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆసరా తీసేసినట్టు అవుతోంది. నమాజు చదివే ఆడవాళ్లకూ ఆ రోజులు మినహాయింపే కదా. అందుకే పొద్దుటి వరుసలో కనీసం ఒకటి రెండు, ఏ రోజూ ఎవరూ వద్దనలేనివి ఉండాలి. మాత్ర, తిండి, వెలుతురు, ఆ ఒక్క మాట. పూజ దానిపైన. మీ అక్క వయసుకు నెలసరి గతి తప్పుతుండవచ్చు, రాత్రిళ్లు ఒళ్లు సెగలు కక్కి మెలకువ రావచ్చు. అది కల్లు మానడం వల్లే అని అందరూ అనుకుంటారు. గైనిక్ డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి.

ఒట్లు వేయించకండి. పిల్లల తలమీద ఒట్టు అస్సలు వద్దు. జారిన రోజున ఆ ఒట్టు ఆమెను ఆపదు, ఎలాగూ పాపం చేశాను ఇంకో సీసా తాగితే ఏమైంది అనిపిస్తుంది. చిన్న జారుడు పెద్ద పడటం అయ్యేది ఈ ఆలోచనతోనే.

మీ బావగారు కూడా తాగుతారని ఒక ముక్కలో రాసి వదిలేశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. ఆయన రాత్రి తాగిన గ్లాసు పొద్దున్నే కడుగుతున్నది ఎవరు? మీ అక్కే అయితే, ఆమె పొద్దు మొదలయ్యేది ఆ వాసనతో. ఆయన మానడం ఇప్పట్లో మన చేతిలో లేదు. కానీ ఆయన గ్లాసు ఆయన కడుక్కోవడం, సీసా ఇంట్లో ఉంచకపోవడం, ఈ రెండూ అడగొచ్చు. పెద్ద మాటలు వద్దు, 'డాక్టరు చెప్పింది' అని నా మీదో డాక్టరు మీదో పెట్టండి. మగవాళ్లు భార్య మాట కన్నా చీటీ మాట త్వరగా వింటారు.

అలాగే కార్ఖానాకు బీడీలు ఇచ్చే దారి. చేతికి డబ్బొచ్చే రోజున ఆ దారిలో కల్లు దుకాణం ఉంటే, ఆరోజు పొద్దున ఆ ఒక్క మాట చెప్పుకునేటప్పుడే ఏ దారిన తిరిగి రావాలో, ఎవరితో రావాలో కూడా అనుకోవాలి. పోచమ్మ దగ్గర కల్లు సాక పోసే రోజులు, దసరా, చావు ఇంటి పది రోజులు కూడా ఇలాంటివే. తప్పించుకోలేం. ముందురోజే అనుకుంటే సగం గట్టెక్కినట్టు.

మీరు 'మా చుట్టాల్లో ఇలాంటి ఆడవాళ్లు ఎవరూ లేరు, బయటికి చెప్పుకోలేకపోతున్నాం' అని రాశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారు, ఆంధ్రాలో 0.5 శాతం. తెలంగాణ మగవాళ్లలో 43.3. అంటే మన దగ్గర పదిహేనుమంది ఆడవాళ్లలో ఒకరు. పల్లెల్లో ఇంకా ఎక్కువ. వాళ్లు లేరని కాదు, చెప్పుకోరు. ఆడవాళ్లు, మందు అనగానే మనకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది, 1990ల మొదట్లో సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్లు. అది గర్వించదగ్గ చరిత్రే. కానీ ఆడది అంటే తాగుడు మీద కొట్లాడేదే అని అందరం అనుకోవడం వల్ల, తాగుడులో చిక్కుకున్న ఆడవాళ్లకు వార్డులో మంచం కూడా లేకుండా పోయింది. చాలా డీ-అడిక్షన్ సెంటర్లలో ఇప్పటికీ ఆడవాళ్లకు విడిగా వార్డు లేదు. పైగా ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, అంతే తాగినా రక్తంలోకి ఎక్కువ ఎక్కుతుంది, మగవాళ్లకన్నా తక్కువ ఏళ్లలో అలవాటు ముదురుతుంది. మీ అక్క బలహీనురాలు కాబట్టి ఇలా అయిందని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

పట్నంలో ఉండే వాళ్లకు ఈ వరుస వేరేగా ఉంటుంది, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మాదాపూర్‌లో ఒంటరిగా ఉండే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయికి పొద్దున పని ఎక్కువై కాదు, అసలేమీ లేక ఇబ్బంది. ఇంటి నుంచే పని, మీటింగు పదకొండింటికి, లేచేదీ అప్పుడే. ఆమె చేసిందల్లా యాప్‌లో పాలు తెప్పించడం మానేసి, ఏడున్నరకు కిందికి దిగి తెచ్చుకోవడం. మొహం కడుక్కుని, మనిషిలా తయారై, ఎవరో ఒకరితో రెండు మాటలు. దుబాయ్‌లో, డాలస్‌లో ఉన్న మన ఆడవాళ్లు కొందరు పొద్దున్నే తాగుడు మానినవాళ్ల ఆన్‌లైన్ మీటింగుల్లో కూర్చుంటారు. కెమెరా ఆపేసి పేరు చెప్పకుండా వినొచ్చు, చుట్టాలకు తెలుస్తుందన్న భయం ఉండదు.

అలవాటు ఎన్నాళ్లకు పడుతుంది అని అడుగుతారు. 21 రోజులు, 41 రోజులు అని చెప్పేవాళ్లు చాలామంది. లండన్‌లో చేసిన ఒక అధ్యయనంలో (2009లో వెలువడింది) మామూలు చిన్న అలవాట్లకే సగటున 66 రోజులు పట్టింది, ఒకరికి 18, ఇంకొకరికి 254. అది ఎక్కువగా విద్యార్థుల మీద చేసింది, మత్తు మానినవాళ్ల మీద కాదు, కాబట్టి అంకెను పట్టుకోకండి. అందులో నాకు నచ్చింది ఇంకోటి: మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడటానికి పెద్ద తేడా రాలేదు. మీ అక్క నాలుగు రోజులు చేసి మానేస్తే ఆ నాలుగూ వృథా అనుకోవద్దు. ఏ రోజున, ఏ పని దగ్గర ఆగిందో అడగండి. తిట్టడానికి కాదు, ఆ పని తీసేయడానికి.

ఇవి కనిపిస్తే దినచర్య పక్కన పెట్టి వెంటనే 108. ఫిట్స్, లేనివి కనిపిస్తున్నాయని చెప్పడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం, ఆగని వణుకుతో జ్వరం, చచ్చిపోవాలనుంది అనడం. ముఖ్యంగా మాత్రలు సొంతంగా ఆపేశాక రెండు మూడు రోజుల్లో. మాట్లాడటానికి మనిషి కావాలంటే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు మానడానికి ప్రత్యేకంగా 14446 ఉంది.

ఇక ఫోన్ సంగతి. రోజూ లేపొద్దు. 'లేచావా, వేసుకున్నావా, నిన్న పోలేదు కదా' అని పొద్దున్నే అడిగే చెల్లెలికి మనుషులు త్వరలోనే అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. మీ ఫోన్ తొమ్మిదిన్నరకు పెట్టుకోండి. కొడుకు కాలేజీకి, బావగారు పనికి వెళ్లాక ఇల్లు ఖాళీ అయ్యే టైము అది, అత్తగారు కునుకు తీస్తుంటారు, ఆమె ఒక్కతే ఆకు ముందు కూర్చుంటుంది. పొద్దుటి హడావిడిలో రాని తహతహ అప్పుడు వస్తుంది. చేయి పని చేస్తుంటే స్పీకర్ ఆన్ చేసి మాట్లాడొచ్చు. కల్లు మాటే ఎత్తకండి. సీరియల్ గురించి మాట్లాడండి, మీ ఆఫీసు గొడవలు చెప్పండి. ఆమె తనే చెప్తే వినండి.

నీళ్లు ఎవరు పడతారన్నది ఫోన్‌లో తేలదు. ఆదివారం మీరు వెళ్తానన్నారు కదా, అత్తగారితో అప్పుడు కూర్చుని మాట్లాడండి. ఒప్పుకోకపోతే కొడుకునే అడగండి, ఇంటర్ చదివే పిల్లాడికి రెండు బిందెలు బరువు కాదు. తర్వాతి ఓపీకి మీరు వెంట వెళ్లగలిగితే డాక్టరును మూడు అడగండి: ఏ మాత్ర ఎన్ని వారాల్లో తగ్గిస్తారు, పొద్దుటి మోతాదు ముందు తగ్గుతుందా రాత్రిదా, లివర్ పరీక్ష మళ్లీ ఎప్పుడు. ఆ చీటీలో ఉన్నది ఇక్కడ రాయండి, పేరు, ఊరు తీసేసి. పొద్దుటి మోతాదు తగ్గే వారంలో వరుస కొంచెం మార్చాల్సి వస్తుంది, ఎలాగో చెప్తాను.